కొలువులో పికాచు, బైండర్‌లో చారిజార్డ్

న్యూజెర్సీ చలిలో సంక్రాంతి పేరంటానికి పదిమంది రావడమే గొప్ప. అయినా ఏటా బొమ్మల కొలువు పెడతాను. ఈసారి దశావతారాలు, కొండపల్లి ఏనుగు అంబారీ సర్దేసి చూసుకుంటే, కింది మెట్టు మీద పసుపుపచ్చని పికాచు! తీసెయ్యబోతే మా ఎనిమిదేళ్ళవాడు "అదీ బొమ్మేగా అమ్మా" అన్నాడు. నిజమే మరి. ఉంచేశాను.

అసలు సంగతి మేడమీద జరిగింది. మేం కింద పసుపు కుంకాలు, శనగల హడావిడిలో ఉంటే పిల్లలు పైన పోకెమాన్ కార్డులు మార్చుకున్నారు. రాత్రి చూస్తే మావాడి బైండర్‌ మొదటి పేజీలో చారిజార్డ్ లేదు. ఆ చోట బల్బసార్ ఉంది. ఆ చారిజార్డ్ మా ఆడపడుచు కొడుకు చిన్నప్పటిది. 1999లో అమెరికాలో ఈ కార్డులు మొదలైనప్పుడు వచ్చిన 102 కార్డుల సెట్టులో 4వది. అంచులు అరిగినా వందల డాలర్లు పలుకుతుంది. వాడికొచ్చిన బల్బసారేమో డాలరు కూడా చెయ్యదు.

"ఎవరు తీసుకున్నారు?" అని గట్టిగా అడిగాను.

"ఎవరూ తీసుకోలేదు, నేనే ఇచ్చాను. వాడి దగ్గర చారిజార్డ్ లేదు. నాకు బల్బసార్ ఇష్టం."

ఆ రాత్రి నిద్ర పట్టక ఈ పోకెమాన్ కథంతా చదివాను. దీన్ని సృష్టించిన సతోషి తజిరి చిన్నప్పుడు టోక్యో శివార్లలో పురుగులు పట్టి దాచుకునేవాడట. 1996లో జపాన్‌లో వచ్చిన మొదటి ఆటని ఎరుపు, ఆకుపచ్చ అని రెండు రకాలుగా చేశారు. కొన్ని జీవులు ఒకదాంట్లోనే దొరుకుతాయి. అన్నీ కావాలంటే స్నేహితుడితో మార్చుకోవాల్సిందే. అంటే మావాడు చేసింది అక్షరాలా ఆ ఆటే!

కానీ ఇప్పుడిది పిల్లల ఆటగా మాత్రమే మిగల్లేదు. కార్డులకి 1 నుంచి 10 దాకా మార్కులు వేసి ప్లాస్టిక్ పెట్టెలో బిగించి ఇచ్చే కంపెనీలున్నాయి. 2021 మేలో విస్కాన్సిన్‌లో ట్రేడింగ్ కార్డుల మీద పార్కింగ్ లాట్‌లో కొట్లాట జరిగాక, టార్గెట్ వాళ్ళు కొన్నాళ్ళు షాపుల్లో ఈ కార్డులు అమ్మడమే ఆపేశారు. మీ ఇంట్లోనూ కార్డులుంటే కింది మూల చూడండి. గుండ్రని చుక్క ఉంటే మామూలుది, డైమండ్ ఉంటే కాస్త అరుదు, నక్షత్రం ఉంటే అరుదైనది. నక్షత్రం ఉన్నవాటికి స్లీవులు తొడగండి. రబ్బరు బ్యాండు మాత్రం వెయ్యకండి, అంచులు నొక్కుకుపోతాయి.

మర్నాడు మేనల్లుడికి ఫోన్ చేసి చెబితే పడీపడీ నవ్వాడు. "అత్తయ్యా, అది స్కూల్ బస్సులో ఓ చిన్న పిల్లాణ్ణి మాయచేసి నేను కొట్టేసిందే!"

ఇంక ఆ పిల్లాడి వాళ్ళమ్మకి ఏమని చెప్పను? నేను తేల్చుకునేలోపే ఆవిడే వచ్చింది. ఆవిడా ధర చూసిందట. "వదినా, మావాడికి తెలీదు, ఏమనుకోకు" అంటూ కార్డు చేతిలో పెట్టింది. వద్దనలేకపోయాను. అనాల్సిందేమో ఇప్పటికీ తెలీదు. మావాడు మాట్లాడకుండా బైండర్‌ తెచ్చి బల్బసార్ తీసి ఆవిడకిచ్చేశాడు.

చారిజార్డ్ ఇప్పుడు నా క్లోజెట్‌లో నగల పెట్టె పక్కన ఉంది. వాడింతవరకూ ఒక్కసారి కూడా అడగలేదు.