ముగ్గు గీత లేచి నిలబడితే!

మురుకుల గొట్టంలో నక్షత్రం బిళ్ళ వేసి పిండి ఒత్తుతాం. బిళ్ళలో ఉన్నది చదునైన నక్షత్రం బెజ్జమే. నూనెలో పడేది మాత్రం అంచులు తేలిన పొడవాటి కడ్డీ! చదునైన గీతను ఘనరూపంగా మార్చడమంటే ఇదేనండీ. కంప్యూటరులో త్రీడీ బొమ్మలు చేసేవాళ్లు దీన్ని ‘ఎక్స్‌ట్రూడ్’ అంటారు. పేరు విని ‘మనకెందుకులే’ అనుకోకండి. ముగ్గు వేసే చేతికి ఇది కొత్త విద్య కాదు.

నంద్యాల జిల్లా ఆళ్లగడ్డ రాతి శిల్పాలకు పెట్టింది పేరు. భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అక్కడి శిల్పి ముందు రాయి మీద గీతలే గీస్తాడు. మొహం పొడవు ఒక తాళం, అందులో 12 అంగుళాలు. ఎదుటి రూపం ఒకటి, పక్క రూపం ఒకటి గీసుకుని, గీత బయట ఉన్న రాయిని చెక్కేస్తాడు. గీత తప్పితే రాయి పోతుంది. కంప్యూటరులో తప్పితే పోయేది కరెంటే!

ఇక రెండో పద్ధతి కుమ్మరి సారె. కుండను నిలువునా కోస్తే కనిపించే అంచులో సగం గీయండి. దాన్ని నడిమి ఇరుసు చుట్టూ 360 డిగ్రీలు తిప్పమంటే కుండ తయారు. కలశం, గుండ్రటి స్తంభం, చెంబు అన్నీ ఇలాగే వస్తాయి. చిన్న సున్నాను పెద్ద సున్నా గీత వెంట నడిపిస్తే గాజు. అదే సున్నాను మెలికల గీత వెంట, తోక దగ్గర సన్నమయ్యేలా నడిపిస్తే నాగశిల మీది పాము.

ఈ గీతల వెనుక కథ కార్ల కంపెనీలది. ఫ్రాన్సులో 1959 నాటికి సిట్రోయెన్ ఉద్యోగి పాల్ ద కాస్తెల్జో, ఆ తర్వాత రెనోలో పియర్ బెజియే, కారు ఒంపుల్ని లెక్కల్లోకి తెచ్చారు. చుక్కల ముగ్గులో గీత చుక్కల చుట్టూ తిరుగుతుంది కదా! ఇక్కడ కొన్ని చుక్కలు దూరం నుంచే గీతను తమవైపు లాగుతాయి. చుక్క జరిపితే ఒంపు మారుతుంది.

కొత్తవాళ్లు తడబడేది ఒకచోట. గీత మొదలూ చివరా కలవకపోతే లోపల నిండదు, గోడలు మాత్రమే లేస్తాయి. మెలికల ముగ్గుతో ఇంకో చిక్కు. గీత తనను తానే దాటుతుంది కాబట్టి ఏది లోపలో, ఏది బయటో యంత్రానికి తెలియదు. అప్పుడు నింపే ప్రయత్నం మాని, గీతకే తాడులా మందం ఇవ్వాలి. అందమైన జాలీ వస్తుంది.

దీనికి డబ్బు పోయక్కర్లేదు. ‘బ్లెండర్’ అనే సాఫ్ట్‌వేరు ఉచితం. 2002లో దాని మూలరాతను అందరికీ తెరిచారు. మామూలు కంప్యూటరు మీద ఈ మాత్రం పని సాగుతుంది.

అయితే నరసింహస్వామి ఉగ్రరూపం ఈ గీతలతో రాదు. ఆ కళ్లు, ఆ జూలు చేతిమహిమే. పీఠం, మకరతోరణం అంచు, స్తంభం, జాలీ వరకే వీటి రాజ్యం. వీటినే చెక్కే యంత్రాలూ వచ్చేశాయి. చేతి పని తగ్గుతుందన్న భయాన్ని తీసిపారేయలేం. కానీ రాతి దుమ్ము ఊపిరితిత్తుల్ని గట్టిపరిచే జబ్బు తెస్తుందని కూడా మరువకూడదు. దుమ్ములో మగవాళ్లు, ఇంట్లో ఆడవాళ్లు అన్న ఏర్పాటులో శిల్పి ఇంటి ఆడపిల్లకు దక్కింది తక్కువ. నమూనా గీసే పని ఆమె చేతికొస్తే, కూలి లెక్కలో ఆమె పేరూ ఎక్కాలి. ‘ఇంట్లో పిల్లేగా, ఊరికే గీస్తుంది’ అంటే ఒప్పుకోకండి.

ఇంకో లాభం వినండి. ఘనరూపం అయ్యాక దాని ఘనపరిమాణం కంప్యూటరే చెబుతుంది. ఒక ఘనపుటడుగు గ్రానైటు సుమారు 75 కిలోల పైమాటే. స్తంభం బరువెంతో, లారీ కిరాయి ఎంత అవుతుందో రాయి కొనకముందే బేరమాడుకోవచ్చు. మొదటిసారి గీసేవాళ్లు కలశంతో మొదలుపెట్టండి. సగం గీతే కదా, పది నిమిషాల పని.