ఆరు రోజుల్లో అయిదు మ్యాచ్‌లు.. మేనేజర్ కూడా స్టూడెంటే!

‘టీమ్‌లో పనిచేసిన అనుభవం ఏదైనా చెప్పండి’. ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న రాగానే చాలామంది ‘ఐ యామ్ ఎ గుడ్ టీమ్ ప్లేయర్’ అనేస్తాం. నా మొదటి ఇంటర్వ్యూలో నేనూ అదే అన్నా. ‘సరే, అందులో మీరేం చేశారు?’ అని అడిగేసరికి నోరు పెగల్లేదు. అప్పుడు ఈ కథ తెలిసుంటే బాగుండేది!

1899. అమెరికాలోని టెనెసీ రాష్ట్రం. కొండ మీద సెవానీ అనే చిన్న కాలేజీ. అమెరికన్ ఫుట్‌బాల్ ఇంకా తొలిరోజుల్లో ఉంది. బంతిని ముందుకు విసిరే ఫార్వర్డ్ పాస్‌కు అనుమతే లేదు. అంతా తోపులాట, దెబ్బలే. సెవానీకి ప్రధాన ప్రత్యర్థి వాండర్‌బిల్ట్. టికెట్ డబ్బుల పంపకం దగ్గర ఇద్దరికీ చెడి, ఆ ఏడాది ఆ మ్యాచ్ లేకుండా పోయింది. దాంతోపాటే రావాల్సిన ఆదాయమూ పోయింది.

అప్పుడు రంగంలోకి దిగాడు ల్యూక్ లీ. కోచ్ కాదు, ఆటగాడూ కాదు. టీమ్ మేనేజర్‌గా ఉన్న విద్యార్థి.

రైలే హాస్టల్

ఒక్కో మ్యాచ్‌కి విడిగా వెళ్తే ఖర్చు తడిసి మోపెడవుతుంది. అందుకే ఒకే ప్రయాణంలో అయిదు మ్యాచ్‌లు కుదిర్చాడు. 21 మంది ఆటగాళ్లు, దాదాపు 4,000 కిలోమీటర్లు. రాత్రి రైల్లో నిద్ర, పగలు ఆట. ఊరుకాని ఊళ్లో నీళ్లు పడక కడుపులు పాడవుతాయని సొంతూరి ఊటనీళ్లు పీపాల్లో పట్టుకెళ్లారట!

నవంబరు 9న టెక్సస్‌పై 12-0, 10న టెక్సస్ ఏ అండ్ ఎంపై 10-0, 11న టులేన్‌పై 23-0. ఆదివారం విశ్రాంతి. 13న ఎల్‌ఎస్‌యూపై 34-0, 14న మిసిసిపీపై 12-0. అయిదు మ్యాచ్‌ల్లో ఒక్క పాయింటూ ఇవ్వలేదు. సీజన్ మొత్తమ్మీద 12కి 12 గెలిచారు. చేసిన పాయింట్లు 322, ఇచ్చినవి 10. ఆ పదీ ఆబర్న్‌కే. ఆ మ్యాచ్ 11-10తో గట్టెక్కింది.

మరి లీ ఏం చెప్పాలి?

లీ ఇంటర్వ్యూకి వచ్చాడనుకోండి. ‘మేం 12 మ్యాచ్‌లు గెలిచాం’ అంటే అది ఆటగాళ్ల ఘనతే. తన సొంత జవాబు వేరే ఉంది: ‘పెద్ద మ్యాచ్ రద్దయి ఆదాయం పోయింది. అయిదు జట్లతో మాట్లాడి, ఒకే ట్రిప్‌లో మ్యాచ్‌లన్నీ సర్దాను. జట్టు అన్నీ ఆడి తిరిగొచ్చింది’. సమస్య, తన వంతు, చేసిన పని, ఫలితం. నాలుగూ ఇందులో ఉన్నాయి చూడండి.

మీ దగ్గరా ఇలాంటివి ఉంటాయి. టెక్‌ఫెస్ట్‌కి చివరి నిమిషంలో స్పాన్సర్ తప్పుకొంటే ఖర్చు తగ్గించారా? హాస్టల్ మెస్ లెక్కలు చూశారా? ప్రాజెక్టులో కోడ్ రాయకపోయినా టెస్టింగ్ మొత్తం మీరే చేశారా? ‘మనం చేసింది చిన్న పనేగా’ అని వదిలేయకండి. అలాగని పక్కవాళ్లు చేసింది మీ ఖాతాలో వేసుకోకండి. రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

ఈ రాత్రే ఒక కాగితం తీసుకోండి. ‘మేం’ అని మొదలయ్యే మూడు అనుభవాలు రాయండి. తర్వాత ఒక్కోదాన్నీ ‘నేను’తో మళ్లీ రాయండి. ఆ రెండో వాక్యమే మీ జవాబు.