డీజిల్ బండికి గాలి పట్టినచో: లోపము కనుగొను విధము

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతములలో వాన వెలిసిన పిమ్మట పదును ఎక్కువ దినములు నిలువదు. ఆ కొద్ది దినములలోనే కంది, ప్రత్తి విత్తవలెను. అట్టి అదనులో ట్రాక్టరు సాలు నడుమ ఆగిపోవును. డ్రైవరు ఫిల్టరు మీది స్క్రూ వదలించి గాలి తీయును, ఇంజను నడచును. మరునాడు మరల అదే తంటా. గాలి తీసినంత మాత్రమున రోగము కుదరదు. గాలి చొరబడు చోటును కనిపెట్టి మూయవలెను. డీజిల్ జీపులకు, కార్లకు, పంపుసెట్లకు కూడ ఇదే సూత్రము.

గాలి వలన ఇంజను ఎందుకు ఆగును?

డీజిలును అదిమిన దాదాపు కుంచించుకొనదు, గాలి కుంచించుకొనును. పాత తరహా ఇంజన్లలో నాజిల్ తెరచుకొనుటకు చదరపు సెంటీమీటరుకు 100 కిలోలకు పైబడిన ఒత్తిడి కావలెను. పంపులో గాలి బుడగ చేరినచో, శక్తి అంతయు బుడగను అదుముటకే సరిపోయి నాజిల్ చిమ్మదు.

పొడిగా నున్న కీలును నమ్మరాదు

పంపుసెట్టు సక్షన్ గొట్టమునకు చిల్లి పడినచో నీరు కారదు. గాలి పీల్చుకొని పంపు నీరెత్తుట మానును. ఇది మీరెరిగినదే. బండిలోను ట్యాంకు నుండి ఫీడు పంపు వరకు పీల్చు వైపు. అచ్చట కీలు వదులైనచో ఇంజను నడచునపుడు డీజిలు కారదు, గాలి లోనికి పోవును. ఫీడు పంపు దాటిన తరువాత వదులైనచో తడి కనబడును.

పరీక్షించు విధము

1. ముందుగా ట్యాంకు మూత తెరువుడు. 'సుయ్' మని గాలి లోనికి పోయి, ఆ పిమ్మట ఇంజను సరిగా నడచినచో, మూతకున్న గాలి రంధ్రము దుమ్ముతో పూడినదని తెలియవలెను. దానిని శుభ్రపరచిన చాలును.

2. ఫీడు పంపునకు ముందు లోపల కనబడు డీజిల్ గొట్టము మూరెడు అమర్చి, క్లిప్పులు బిగించి నడుపుడు. బుడగలు కనబడినచో లోపము ట్యాంకు వైపుననే యున్నది.

3. శుభ్రమైన డబ్బాలో డీజిలు పోసి, బండిని నిలిపియుంచి, వేరు గొట్టముతో ఫీడు పంపునకు కలుపుడు. గాలి తీసి అరగంట నడుపుడు. ఆగకున్నచో పాత గొట్టము, దాని కీళ్లు చెడినవి. అప్పటికిని ఆగినచో ఫీడు పంపును, చేతి పంపును, ఫిల్టరు సీలును చూడవలెను.

పగిలిన రబ్బరు గొట్టమును, అణగిన రాగి వాషరును మార్చుడు. అతిగా బిగించినచో మరలు చెడును. తరువాత స్క్రూ వదలించి, బుడగలు పోయి డీజిలు ధారగా వచ్చు వరకు చేతి పంపు కొట్టి, ధార వచ్చుచుండగనే బిగింపుడు.

హెచ్చరిక

నాజిల్ చిమ్ము ధారకు చేయి అడ్డు పెట్టరాదు. అది చర్మమును చీల్చుకొని లోనికి పోవును. అట్లు జరిగినచో గాయము చిన్నదైనను వెంటనే ఆసుపత్రికి పోవలెను. కామన్ రైల్ ఇంజన్లలో ఒత్తిడి 1000 కిలోలకు మించును. వాటి పైపులను పొలములో విప్పరాదు.

విత్తు పనికి బయలుదేరునపుడు విత్తనములతో బాటు రెండు క్లిప్పులు, నాలుగు రాగి వాషర్లు, మూరెడు గొట్టము పెట్టెలో నుంచుకొనుడు. వాటి వెల స్వల్పము. పోయిన పదును మరల రాదు.