చిగుళ్లలోని కలుపు

తెనాలికి చేరువనున్న నందివెలుగు గ్రామము చుట్టును వరిపొలములు కలవు. అనుభవముగల రైతు గట్టున నిలిచి, చేనిలో కలుపు ఉన్నదా లేదా యని మాత్రమే చూడడు. ఎంత యున్నదో చూచును. ఒకటి రెండు మొక్కలవలన భయము లేదు. కలుపు పైరును మించినచో పంట దక్కదు. మన చిగుళ్ల సంగతియు నిట్టిదే.

దంతములపై పేరుకొను పాచి సూక్ష్మజీవులకు నిలయము. 1683లో హాలండు దేశీయుడైన లీవెన్‌హుక్ తన దంతముల పాచిని సూక్ష్మదర్శినితో పరీక్షించి, అందు కదలాడు ప్రాణులను గూర్చి లండనులోని రాయల్ సొసైటీకి జాబు వ్రాసెను. ఈ జీవులలో హానికరమైనవి ప్రబలినచో చిగురు వాచి పంటిని విడుచును. నడుమ సందు ఏర్పడును. పంటిని నిలుపు ఎముక క్రమముగా కరగును. తొలుత నొప్పి యుండకపోవచ్చును. తోముకొనునపుడు కనిపించు నెత్తురే హెచ్చరిక.

అట్టివానిలో పేరుమోసినది పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్. ఇది ఆరోగ్యవంతుల నోటను కొలదిగా నుండవచ్చును. కావున దాని ఉనికి తెలిసిన చాలదు, సంఖ్యయు తెలియవలెను. వైద్యుడు సన్నని కాగితపు పుల్లను చిగురుసందులో నుంచి తీసి ప్రయోగశాలకు పంపును. అచ్చట దానిని ద్రవములో కలిపి, పదిరెట్ల చొప్పున మూడుమారులు పలుచన చేసిరనుకొందము. ద్రవము వేయిరెట్లు పలుచనయగును. దానిని నెత్తురు కలిపిన పోషకపదార్థముపై పరచి, ప్రాణవాయువు లేని పాత్రలో వారము దినములు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు నుంచుదురు. ఏలయన ప్రాణవాయువు సోకిన నీ జీవి పెరుగదు. ఒక్కొక్క జీవి వృద్ధిచెంది నల్లని గుంపుగా కనబడును. పలుచని ద్రవమున మిల్లీలీటరునకు 50 గుంపుల లెక్క తేలినచో, మొదటి ద్రవమున మిల్లీలీటరునకు 50,000 జీవులున్నట్లు.

వేరొక పద్ధతిలో కొన్ని గంటలలోనే ఫలితము తెలియును. జీవియొక్క డి.ఎన్.ఏ. లోని ఒక భాగమును యంత్రములో ప్రతి ఆవృత్తికిని రెట్టింపు చేయుదురు. అందు కలిపిన పదార్థము వెలుగు చూపుటకు ఎన్ని ఆవృత్తులు పట్టెనో లెక్కించుదురు. పది ఆవృత్తులలో ఒకటి 1,024 అగును. కావున ఒక నమూనా మరియొకదానికంటె పది ఆవృత్తులు ముందుగా వెలిగినచో, అందు జీవులు సుమారు వేయిరెట్లు అధికము. అయితే ఈ పద్ధతి చచ్చినవానిని గూడ లెక్కించును. మొదటిది బ్రతికియున్నవానినే చూపును.

బాలలారా! ఇట్టి పరీక్షలు అందరికిని అవసరము లేదు. దంతవైద్యుడు గీతలుగల సన్నని కడ్డీతో చిగురుసందు లోతును కొలుచును. అది 3 మిల్లీమీటర్లను మించినచో జాగ్రత్త పడవలెను. వేపపుల్లయైనను బ్రష్షుయైనను సరియే, దినమునకు రెండుమారులు పాచిని తొలగించుడు. నెత్తురు కనబడినచో దాచక పెద్దలకు చెప్పుడు. తీసిన కలుపు మరల మొలచును. అందుచేతనే రైతు చేనిని ఏమరడు. కరగిన ఎముక మాత్రము తనంత తాను మరల రాదు.