లేని డ్రాగన్‌కి భయపడటం ఎలా?

‘స్ట్రేంజర్ థింగ్స్’ సిరీస్ 2016లో మొదలైనప్పుడు, ఇంటి కింది గదిలో నలుగురు కుర్రాళ్లు బల్ల చుట్టూ చేరి పాచికలు విసురుతూ అరుచుకోవడం చూసి ఇదేం ఆట అనుకున్నవాళ్లు మనలో చాలామందే ఉంటారు. దాని పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. అందులో ఒకరు కథ నడుపుతారు. ఆ మనిషిని డంజన్ మాస్టర్, పొట్టిగా డీఎం అంటారు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర పట్టుకుంటారు. ఒకరు కత్తి తిప్పే యోధురాలు, ఒకరు మంత్రగాడు, ఇంకొకరు తాళాలు తీయడంలో ఆరితేరిన దొంగ. డీఎం పరిస్థితి చెబుతారు, పాత్రలు ఏం చేస్తాయో ఆటగాళ్లు చెబుతారు, అది నెగ్గుతుందా లేదా అన్న అనుమానం ఉంటే ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. మన బుర్రకథలో వంతలు తందాన పలుకుతారు, మధ్యలో ఓ ప్రశ్న వేస్తారు, కథ దారి మాత్రం మార్చరు. ఇక్కడ వంతలే కథను తమకు తోచిన వైపు లాక్కుపోతారు.

బాగా సాగిన ఆటలో ఒక ఘడియ వస్తుంది. నెత్తిమీద ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, చిప్స్ ప్యాకెట్టు ఎదురుగానే ఉంటుంది, అయినా బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా గుహలోనే ఉంటారు. ఆ ఘడియ కోసమే ఈ ఆట. దాన్ని రప్పించాలంటే కొత్త డీఎంలకు ముందుగా తట్టేవి మసక దీపాలు, గంభీరమైన నేపథ్య సంగీతం, ఇంకొంచెం ఉత్సాహం ఉంటే కిరీటాలూ అంగీలూ. తప్పేం లేదు, కొనుక్కోండి. కానీ ఈ ఆట పుట్టుక చూస్తే అసలు కిటుకు ఇంకెక్కడో ఉందని తెలుస్తుంది.

1969లో అమెరికాలోని మినియాపొలిస్, సెయింట్ పాల్ జంటనగరాల్లో డేవిడ్ వెస్లీ అనే యుద్ధక్రీడల ప్రియుడు ఓ ప్రయోగం చేశాడు. నెపోలియన్ కాలం, బ్రౌన్‌స్టైన్ అనే కల్పిత జర్మన్ పట్టణం. సేనాపతులతో పాటు ఊళ్లోని మనుషుల పాత్రలు కూడా పంచిపెట్టాడు: మేయరు, బ్యాంకరు, విశ్వవిద్యాలయ అధిపతి. ఒక్కొక్కరినీ పక్కగదిలోకి పిలిచి ఎవరేం చేస్తారో వినాలనుకున్నాడు. వాళ్లు ఆయన పిలుపు కోసం ఆగితేగా! తమలో తామే మంతనాలాడారు, కుట్రలు పన్నారు. ఇద్దరైతే ద్వంద్వయుద్ధానికి సిద్ధపడి వచ్చారు. దానికి నియమాలేవీ రాసుకోలేదు కాబట్టి వెస్లీ అప్పటికప్పుడు పాచికలు వేయించి తేల్చాడు. తాను సిద్ధం చేసుకున్న యుద్ధం మొదలే కాలేదు, ఆట చెడిపోయిందనుకున్నాడు. ఆడినవాళ్లు మాత్రం మళ్లీ ఎప్పుడని వెంటపడ్డారు.

తర్వాత ఆయన ఓ కల్పిత లాటిన్ అమెరికా దేశం నేపథ్యంగా మరో ఆట ఆడించాడు. అందులో డేవ్ ఆర్నెసన్‌కి కరపత్రాలు పంచే విద్యార్థి విప్లవకారుడి పాత్ర దక్కింది. ఆ ఆర్నెసన్ సీఐఏ దొంగ గుర్తింపు కార్డు ఒకటి జేబులో పెట్టుకొచ్చి, తాను రహస్య ఏజెంటునని తోటి ఆటగాళ్లనే నమ్మించాడని ఈ ఆట చరిత్రలో ముచ్చటగా చెప్పుకుంటారు. ఆయనే 1971 నుంచి బ్లాక్‌మూర్ అనే మాయాలోకపు ఆట నడిపాడు. విస్కాన్సిన్‌లోని లేక్ జెనీవా పట్టణవాసి గ్యారీ గైగాక్స్‌తో కలిసి దాన్ని నియమాల్లో పెట్టాడు. 1974లో మూడు చిన్న పుస్తకాలున్న పెట్టెగా డంజన్స్ అండ్ డ్రాగన్స్ వెలువడింది, తొలి ముద్రణ వెయ్యి ప్రతులు. బ్రౌన్‌స్టైన్ ఆటగాళ్లని ఆ ఊళ్లోకి లాక్కెళ్లింది అలంకరణ కాదు. వాళ్లు ఏం చేసినా ఊరు దానికి బదులిచ్చింది, అదీ సంగతి.

గ్యారీ అలన్ ఫైన్ అనే సామాజికశాస్త్రవేత్త ఈ ఆటగాళ్ల మధ్య కూర్చుని పరిశీలించి 1983లో ‘షేర్డ్ ఫాంటసీ’ అనే పుస్తకం రాశారు. ఆడే ప్రతివాళ్లూ ఏకకాలంలో మూడు పొరల్లో ఉంటారని అందులో గమనించారు. రేపు ఆఫీసుకు వెళ్లాల్సిన మనిషి ఒక పొర. నియమాలూ అంకెలూ లెక్కేసే ఆటగాడు రెండోది. గుహలో దివిటీ పట్టుకుని నిలబడ్డ పాత్ర మూడోది. మాటల మధ్యలో మనం ఈ పొరల్లో పైకీ కిందికీ జారుతూనే ఉంటాం. నన్నడిగితే డీఎం పనంతా ఈ పొరల మధ్య దూరం తగ్గించడమే. ఒక చిట్కా పనికొస్తుందా రాదా అన్నదానికి ఇదే గీటురాయి.

ముందు మాట సంగతి. “ముప్పై అడుగుల గది, ఉత్తరాన తలుపు, లోపల మూడు గోబ్లిన్లు” అన్నామనుకోండి, ఆటగాడు వెంటనే లెక్కల్లోకి పోతాడు. అదే ఇలా చెబితే? “తలుపు తోయగానే మాడిన కొవ్వు వాసన. పొయ్యిలో నిప్పు ఇంకా ఆరలేదు. పక్కన మూడు గిన్నెలు. రెండింట్లో కూడు సగం తిని వదిలేశారు, మూడోది బోర్లాపడి ఉంది. సింధూరా, దీపం నీ చేతిలోనే ఉంది. ఏం చేస్తావు?” గోబ్లిన్ అనే ఆ పొట్టి భూతం పేరే రాలేదు. అయినా ఎంతమంది ఉన్నారో, ఎంతసేపటి కింద లేచి వెళ్లారో ఆటగాళ్లే ఊహించుకుంటారు. ఊహించినవాడికే భయం. ఇక్కడ సింధూర పాత్ర పేరు, ఆడే అమ్మాయి అసలు పేరు ఆట ముగిసేదాకా పలకకూడదు. అచ్చులో దొరికే సాహసకథల్లో పైకి చదివి వినిపించడానికి పెట్టెకట్టిన పేరాలుంటాయి. అవి రెండు మూడు వాక్యాలు దాటితే వినేవాళ్ల చేతులు ఫోన్ల మీదికి పోతాయి. నాటకం అంకం మొత్తం రాసుకొచ్చే డీఎంలకి ఈ ముక్క రుచించదు, తెలుసు.

అంతకన్నా లోతైన ఉపాయం ఇంకొకటుంది: పాత్ర చేసే పనే ఆటగాడి చేతులతోనూ చేయించడం. ట్రేసీ, లారా హిక్‌మన్ దంపతులు 1983లో రాసిన ‘రేవెన్‌లాఫ్ట్’ దీనికి మంచి పాఠం. స్ట్రాడ్ అనే రక్తపిశాచి ఏలే కోట అది. కథలో ఓ ముసలామె సాహసికులకు జోస్యం చెబుతుంది. అప్పుడు డీఎం బల్ల మీద నిజంగానే పేకముక్కలు పరుస్తారు. స్ట్రాడ్‌ని చంపగల వస్తువులు కోటలో ఎక్కడున్నాయో, వాడికి ఈసారి ఏం కావాలో ఆ ముక్కలే నిర్ణయిస్తాయి. పాత్ర చూస్తున్న ముక్కనే ఆటగాడూ చూస్తున్నాడు, మధ్యలో దూరమే లేదు.

‘డ్రెడ్’ అనే భయానక ఆట పాచికల్నే తీసేసింది. ప్రమాదకరమైన పని చేయాలంటే జెంగా గోపురంలోంచి ఒక చెక్కముక్క లాగాలి. గోపురం ఎవరి చేతిలో కూలితే వాళ్ల పాత్ర కథలోంచి పోయినట్టే. చీకట్లో తాళం తీస్తున్న దొంగ చేయి వణుకుతోందని చెప్పనక్కర్లేదు, అందరికీ కనబడుతూనే ఉంటుంది. ‘టెన్ కాండిల్స్’లో పది చిన్న కొవ్వొత్తులు వెలిగించి మొదలుపెడతారు. సన్నివేశం ముగిసినప్పుడల్లా ఒకటి ఆర్పుతారు, దానంతటది ఆరినా మళ్లీ వెలిగించరు. చివరిది ఆరేసరికి పాత్రలన్నీ చస్తాయని అందరికీ ముందే తెలుసు. గమనించారా, ఇక్కడ కొవ్వొత్తి అలంకారం కాదు, అదే గడియారం. 1984 నాటి ‘మాస్క్స్ ఆఫ్ న్యార్లథోటెప్’ అనే సాహసకథలో ఆటగాళ్ల చేతికిచ్చే పత్రికా కత్తిరింపులూ ఉత్తరాలూ ఈ కోవలోవే. పాత్రకి దొరికిన కాగితమే తన చేతిలోనూ ఉంటే, దాన్ని పదిసార్లు తిప్పి చూడని ఆటగాణ్ని నేను చూడలేదు.

నియమాల గురించి రెండే మాటలు. హోరాహోరీ పోరులో పుస్తకం తిరగేయొద్దు. అప్పటికి సబబనిపించిన తీర్పు చెప్పి ముందుకు పోయి, సరైనదేదో ఆట అయ్యాక చూసుకోవచ్చు.

గొంతులు మార్చాలా అని చాలామంది జంకుతారు. 2015లో మొదలైన ‘క్రిటికల్ రోల్’ అనే ప్రసారం దీనికి కొంత కారణం. డీఎం మాథ్యూ మెర్సర్‌తో సహా అందులో ఆడేవాళ్లంతా డబ్బింగ్ వృత్తిలో ఉన్న కళాకారులు. వాళ్లతో పోటీపడాల్సిన అవసరం మనకి లేదు. “మా మరుగుజ్జు కోపంగా గొడ్డలి దించుతాడు” అని మామూలు గొంతుతో చెప్పినా పాత్ర పాత్రే.

పొరలు పల్చబడ్డప్పుడు ముప్పు కూడా ఉంటుంది. ఈమధ్యే ఇంట్లో మరణం చూసినవారికి కథలో శవయాత్ర ఆటలా అనిపించదు. అందుకే జాన్ స్టావ్రోపౌలోస్ ‘ఎక్స్ కార్డు’ అనే పద్ధతి తెచ్చారు. బల్ల మధ్యలో ఇంటూ గుర్తు వేసిన కార్డు ఉంటుంది. ఎవరు దాన్ని తాకినా ఆ విషయం అక్కడితో వదిలేస్తారు, ఎందుకని అడగరు. దీనివల్ల లీనత చెడుతుందని గొణిగేవాళ్లున్నారు. నా లెక్కలో ఇది తిరుగుదారి. బయటికి దారుందని తెలిస్తేనే జనం లోపలిదాకా వస్తారు.

ఇంకొక్క మాట మనవాళ్లకి. హైదరాబాదులోనో, బెంగళూరులోనో, డాలస్‌లోనో తెలుగు మిత్రులు ఈ ఆటకి కూర్చుంటే కథంతా ఇంగ్లిషులో నడపడం మామూలే. అటాక్, డ్యామేజ్ లాంటి మాటలు అలాగే ఉండనివ్వండి. కానీ సత్రం యజమాని బేరమాడటం, ముసలి మంత్రగత్తె శాపనార్థాలు పెట్టడం ఒక్కసారి తెలుగులో చేసి చూడండి. తడుముకోకుండా తిట్టగలిగిన భాషలో పాత్ర త్వరగా పలుకుతుంది. మొదలుపెట్టడానికి ఖర్చు కూడా పెద్దగా ఉండదు. ఈ ఆట హక్కులున్న విజర్డ్స్ ఆఫ్ ద కోస్ట్ కంపెనీ 2023 జనవరిలో దాని ప్రాథమిక నియమాల పత్రాన్ని క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద విడుదల చేసింది. మూలాన్ని పేర్కొంటే చాలు, ఎవరైనా దాన్ని తెలుగు చేసుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా.