కట్టడపు పనిలో ఉత్పాదకత: పంచాయతీలు తెలిసికొనవలసిన లెక్క

గ్రామమున బడిగది కట్టుట ఆలస్యమైనపుడు “కూలీలు సరిగా పనిచేయుట లేదు” అను మాట తరచుగా వినవచ్చును. అది ఎంతవరకు నిజమో కొలిచి చూచినగాని తెలియదు. ఆ కొలత కష్టమైనది కాదని పంచాయతీ సభ్యులకు మనవి చేయుచున్నాము.

కట్టిన గోడ పొడవు, మందము, ఎత్తులను మీటర్లలో హెచ్చించిన ఘనపు మీటర్లు వచ్చును. దానిని పనిదినములచే భాగించిన వచ్చునదే ఉత్పాదకత. ఒక మేస్త్రీయు, ముగ్గురు కూలీలును రెండు దినములలో 2 ఘనపు మీటర్ల గోడ కట్టిరనుకొందము. పనిదినములు 8; కావున పనిదినమునకు పావు ఘనపు మీటరు. పునాదిని పునాదితోను, పైగోడను పైగోడతోను మాత్రమే పోల్చవలెను.

మరుసటి వారము ఈ సంఖ్య తగ్గినచో ముందుగా కారణము వెదకవలెను. ఇసుక రాలేదా? నీరు అందలేదా? ఇటుకలు దూరముగా దింపిరా? పని నిలిచిన గంటలను, కారణమును పుస్తకమున వ్రాసికొన్నచో దోషమెక్కడనున్నదో తేలును.

అమెరికాలో ఇటుకపనివాడుగా జీవితమారంభించిన ఫ్రాంక్ గిల్‌బ్రెత్ ఇట్లే పరిశీలించెను. ఒక్కొక్క ఇటుకకై మేస్త్రీ క్రిందికి వంగి లేచుట వృథాశ్రమయని గ్రహించి, గోడతోపాటు ఎత్తు పెంచదగిన పరంజా నేర్పరచి, ఇటుకలను, అడుసును చేతికందునట్లు పెట్టించెను. కూలీలు ఇటుకలను ముందే ఏరి వరుసగా పేర్చిరి. ఇటుకకు 18గా నున్న కదలికలు 5కు తగ్గెననియు, గంటకు 120 ఇటుకలు పేర్చుచోట 350 పేర్చగలిగిరనియు టేలర్ 1911లో ప్రకటించిన గ్రంథమున వ్రాసెను. అక్కడ పెరిగినది తొందర కాదు, తగ్గినది వృథాశ్రమ.

మన గ్రామములలోను ఇది సాధ్యమే. సామగ్రి చేరిన పిదపనే కూలీలను పిలువవలెను. ఇటుకలను గోడచెంతనే దింపింపవలెను. పరంజాను ముందునాడే కట్టింపవలెను. వీనిలో కూలీల చేతిలోనున్నది స్వల్పము. ఏర్పాటు చేయువారి బాధ్యతయే అధికము.

ఐతే వేగమునకై నాణ్యమును విడువరాదు. ఇటుకలను నానబెట్టుట, సిమెంటుతో కట్టిన గోడను కనీసము 7 దినములు తడుపుట మానరాదు. బీటలు వారిన గోడను పడగొట్టి మరల కట్టినచో పనిదినములు రెట్టింపగును. గోడ మాత్రము ఒక్కటే మిగులును. ప్రజల సొమ్మునకును, శ్రామికుల చెమటకును విలువ దక్కవలెనన్న ఈ లెక్క ప్రతి పంచాయతీలోను ఉండవలెను. కూలి కోతకు దీనిని సాధనముగా చేయరాదు.