అరచేతిలో అంకెల పలక

డ్యాష్‌బోర్డు అను మాట నేడు వ్యాపారశాలలనుండి మన యిండ్లలోనికి వచ్చినది. పూర్వము గుఱ్ఱపు గిట్టలు చిమ్మెడు బురద బండిలోనివారిపై పడకుండ ముందు కట్టిన పలకకు ఈ పేరుండెను. పిమ్మట మోటారుబండిలో వేగమును, నూనెను తెలుపు పలకకు ఇదే పేరు వచ్చినది. ఇప్పుడు సరకుల రాకపోకలను, లాభనష్టములను ఒక్క పుటలో అంకెలుగను, రంగుగీతలుగను చూపు తెరకును అదియే పేరు. కచ్చేరిలో పెద్ద యంత్రము నెదుట కూర్చుండినగాని కానరాని యీ పుట నేడు చేతి ఫోనులో తెరచుకొనుచున్నది.

ఇది నౌకాశ్రయపు అధికారులకును, ఉక్కు కర్మాగారపు అధికారులకును మాత్రమే చెందిన విద్య యని తలంపవలదు. మా యారాడ మూడు వైపుల కొండలును, ఒక వైపు బంగాళాఖాతమును గల గ్రామము. ఇచ్చటి తీరమునుండి వేటకు పోవు పడవయు ఒక వ్యాపారమే. డీజిలు, మంచుగడ్డ, వల, అప్పుపై వడ్డీ, ఇవన్నియు దాని పెట్టుబడులు. చేప దొరకనినాడు ఆ నష్టము ఇంటి పొయ్యిమీదనే కానవచ్చును.

ఇట్టివారికై 1999లో హైదరాబాదున స్థాపింపబడిన భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రము ఉపకరించుచున్నది. ఉపగ్రహములు కడలి పైనీటి వేడిమిని, నీటిలోని పచ్చదనమును కొలుచును. ఆ పచ్చదనము సూక్ష్మమైన నాచుజాతుల గుర్తు. నాచు ఉన్నచోటికి చిఱుజీవులును, వానికొఱకు చేపలును చేరును. చల్లని నీరును వెచ్చని నీరును కలియు చోట్లను గుర్తించి, తీరమునుండి ఏ దిక్కున, ఎంత దూరమున, ఎంత లోతున చేపలుండవచ్చునో ఆ కేంద్రము తెలుపును. అలల యెత్తు, గాలి వేగము కూడ చెప్పును. ఈ సమాచారము ఫోనులో తెలుగుననే లభించుచున్నది.

ఆగ్నేయమున 20 కిలోమీటర్లు, లోతు 40 మీటర్లు అని తెరపై ఉన్నదనుకొందము. ఇల్లాలు వెంటనే లెక్క వేయగలదు: పోవుటకును వచ్చుటకును 40 కిలోమీటర్లు, దానికి డీజిలెంత? మంచెంత? నేటి అంగడి ధరకు ఎంత చేప పడిన ఖర్చు తీరును? గంప నెత్తిన బెట్టుకొని చేపలమ్మునది ఆమెయే కనుక, ధర సంగతి ఆమెకు తెలిసినంతగా మగవారికి తెలియదు. ఐనను పెక్కిండ్లలో ఫోను పురుషుని చేతనే యుండును. అతడు కడలిపైకి పోగా అంకెలును అతనితోడనే పోవును. తీరము దాటి కొంత దూరమేగిన పిమ్మట సామాన్యమైన ఫోనుకు సంకేతములందవు. అందుకొఱకే 2019లో ఉపగ్రహముద్వారా హెచ్చరికలనందుకొను జెమిని యను చిన్న యంత్రమును వెలువరించిరి. కాని అది అందఱి పడవలలోను ఉండదు. కావున ఇంట నున్నవారికిని ఈ పలక చదువుట రావలెను.

చదువునప్పుడు మూడు విషయములు చూడవలెను. ఒకటి, తేది: నిన్నటి అంకె నేటి కడలికి పనికిరాదు. మబ్బులు కమ్మినపుడు ఉపగ్రహమునకు నీటి పైభాగము చక్కగా కానరాదు. రెండవది, చోటు: తెర చిన్నది, పటము కుదించుకొని యుండును, ఇతర రేవు సంగతి మనదని భ్రమపడరాదు. మూడవది, కొలత: అల 2 మీటర్లనిన మనిషి నిలువుకంటె ఎక్కువ యని మనస్సునకు తెచ్చుకొనవలెను. ఎఱ్ఱరంగు కనబడిన ఆశ విడువవలెను. ఏటేట ఏప్రిలు 15 నుండి జూను 14 వఱకు, అనగా 61 దినములు, తూర్పు తీరమున ఇంజను పడవల వేట నిషిద్ధమని కూడ గుర్తుంచుకొనుడు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినపుడు విద్యుత్తు పోయెను, ఫోనులు మూగవోయెను. కావున వాన చిహ్నములు కనబడగానే ముఖ్యమైన అంకెలను ఒక కాగితముపై వ్రాసికొనుట మేలు.

భారతమున సంజయుడు యుద్ధవార్తలన్నియు చెప్పెను, ధృతరాష్ట్రుడన్నియు వినెను. వినినంత మాత్రమున కీడు తొలగలేదు. అరచేతిలోని పలకయు సంజయునివంటిదే. పడవ కదలవలెనా, నిలువవలెనా యని నిర్ణయించు పని మనదే. ఆ నిర్ణయమున ఇల్లాలి మాటకును చోటుండవలెనని మేము కోరుచున్నాము. సాయంకాలమున ఆ పుటను మీ పిల్లలచేత బిగ్గరగా చదివింపుడు. ఇంటిల్లిపాదియు విని ఆలోచింపుడు.